కంచె తీశాక ఎంత దూరం?



ఈ రోజు మనం తలుచుకుంటున్న మాస్టారు ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రతివారికీ ఒకే మాట చెప్పేవారు: "కొలిచే ముందు కొలబద్దను కొలవండి." రోబోకు మనిషి ఎంత దూరంలో నిలబడాలన్న ప్రశ్న చరిత్రను ఆ మాట వెలుగులోనే మీ ముందుంచుతాను.

1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో యూనిమేట్ అనే యంత్రహస్తం పనిలోకి దిగింది. కాలే లోహపు పోతలను అందుకుని పక్కన పెట్టడం దాని పని. 1979 జనవరి 25న మిషిగన్ రాష్ట్రం ఫ్లాట్‌రాక్‌లోని ఫోర్డ్ పోత కర్మాగారంలో పాతికేళ్ల కార్మికుడు రోబో చేతి దెబ్బకు ప్రాణాలు విడిచాడు. రోబో వల్ల జరిగినట్టు చరిత్రకెక్కిన తొలి మరణం అదే. ఇలాంటి ప్రమాదాలకు పరిశ్రమ నమ్ముకున్న విరుగుడు కంచె. రోబో లోపల, మనిషి బయట.

1996లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కోల్గేట్, పెష్కిన్ 'కోబాట్' ఆలోచనను ముందుకు తెచ్చారు. మనిషి పక్కనే ఉండి, మనిషితో కలిసి పనిచేసే యంత్రమది. కంచె తీసేస్తే మనిషి ఎక్కడ బెదురుతాడు? ఎక్కడ ఏమరుస్తాడు? తెలుసుకోవడానికి మనిషిని తీసుకెళ్లి ప్రమాదం ముందు నిలబెట్టలేం కదా!

దారి మరో వైపు నుంచి తెరుచుకుంది. 1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించుకునే తెరను చూపించారు. పైకప్పు నుంచి వేలాడే ఆ పరికరంలో గీతల బొమ్మ గాలిలో నిలిచినట్టుండేది, తల తిప్పితే దాని కోణమూ మారేది. వర్చువల్ రియాలిటీకి అది తొలి అడుగుల్లో ఒకటి. 2003లో వెలువడిన పరిశోధనలో బెయిలెన్సన్ బృందం అలాంటి వర్చువల్ లోకంలోకి మనుషులను పంపింది. నిజంగా లేని మనిషి బొమ్మ దగ్గరికి వెనకవైపు నుంచి వెళ్లినప్పటికన్నా ఎదురుగా వెళ్లినప్పుడు వాళ్లు ఎక్కువ ఎడం పాటించారు. ఎదురుగా ఉన్నది బొమ్మేనని బుద్ధికి తెలుసు. కాళ్లు మాత్రం మర్యాద తప్పలేదు.

రోబోల పరిశోధకులకు కావలసింది ఇదే. వర్చువల్ లోకంలో రోబో చెయ్యి ఎంత వేగంగా కదలాలో, ఎంత దగ్గరికి రావాలో వంద రకాలుగా మార్చి చూడవచ్చు. ఎవరికీ గాయం కాదు.

ఇక్కడే మాస్టారి మాట గుర్తుకు రావాలి. 2002లో వెలువడిన నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధనలో మనుషులను వర్చువల్ గొయ్యి అంచున నిలబెడితే వాళ్ల గుండె వేగం పెరిగింది. కాలికింద ఒకటిన్నర అంగుళం ఎత్తున్న నిజమైన చెక్క అంచును పెట్టేసరికి అది ఇంకా పెరిగింది. కంటికి స్పర్శ తోడైతే అనుభవమే మారిపోతుందన్నమాట. 2019లో వెలువడిన ఒక పరిశోధన మరో హెచ్చరిక చేసింది: మనుషులు వర్చువల్ రోబోకన్నా నిజమైన రోబోకే దగ్గరగా నిలబడటానికి ఇష్టపడ్డారు. వర్చువల్ రోబోయే వాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. వర్చువల్ కళ్లజోడులో తేలిన దూరాన్ని ఉన్నదున్నట్టు కర్మాగారం నేల మీద గీసెయ్యకూడదని దీని అర్థం.

విద్యార్థులారా, ఈ సాధనాన్ని మనసారా వాడండి. వంద ఊహల్లో తొంభైని అక్కడే వడకట్టండి. మిగిలిన పదినీ నిజమైన యంత్రం పక్కన, జాగ్రత్తగా, మళ్లీ కొలవండి. మీరు గీసే గీతకు ఇవతల రేపు ఒక కార్మికుడు నిలబడతాడు. సాయంత్రం అతడు క్షేమంగా ఇంటికి చేరడమే ఆ కొలతకు పరీక్ష.