కంచికి పోతే మగ్గాల వీధికీ పోవాల



సంఘంలోని కొన్ని కుటుంబాలు కలిసి కంచికి పోయొచ్చినాము. చూసింది నాలుగు మాటల్లో చెప్పమన్నారు. డెంకణికోటలో బేటరాయస్వామికి దండం పెట్టుకొని తెల్లారకముందే వ్యాను ఎక్కితే, రాయకోట, కృష్ణగిరి, వేలూరు దాటి మధ్యాహ్నానికి కంచి చేరుకోవచ్చు. ఒక రాత్రి ఆడ ఉండేటట్లు పోండి. పొద్దున పోయి సాయంత్రం తిరిగొస్తే కాళ్ళ నొప్పులు తప్ప ఏమీ మిగలదు.

కైలాసనాథుని గుడిని మనవాళ్ళు చాలామంది వదిలేస్తారు. ఆడ పూజల సందడి తక్కువ. మా మటుకు మొదట చూడాల్సింది అదే. పల్లవరాజు రాజసింహుడు సుమారు 1,300 ఏళ్ళ కిందట కట్టించినాడు. ఇసుకరాయి కాబట్టి బొమ్మలు కొన్నిచోట్ల అరిగినాయి. ప్రాకారం పొడుగునా 58 చిన్న గుళ్ళు ఉన్నాయి. గర్భగుడి చుట్టూ తిరగాలంటే ఇరుకు సందులో పాకుతూ పోవాల, అట్ల వస్తే మళ్ళీ జన్మ లేదంటారు. గుంతమగ్గంలో అరిగిన మోకాళ్ళు గదా మావి, పెద్దవాళ్ళం బయటే నిలబడితిమి. పిల్లలు దూరిపోయినారు.

ఏకాంబరేశ్వరుని పెద్ద గోపురం 1509లో మన కృష్ణదేవరాయలు కట్టించింది. మెడ వెనక్కి వంచి చూడాల. కామాక్షమ్మ దర్శనం సాయంత్రం చేసుకున్నాము.

మరుసటి పొద్దున వరదరాజస్వామి గుడి. నూరుకాళ్ళ మండపంలో ఒకే రాయిలో చెక్కిన గొలుసులు వేలాడుతుంటాయి. అత్తివరదరు కోనేటిలో ఉంటాడు, 40 ఏళ్ళకొకసారి పైకి వస్తాడు. 1979లో వచ్చినాడు, 2019లో వచ్చినాడు. ఇంక 2059లో. అప్పటికి మేముండం, మీ పిల్లలు చూస్తారు.

ఆ స్వామికి నైవేద్యం పెట్టేదే కంచి ఇడ్లి. మన ఇంటి ఇడ్లి మాదిరి తెల్లగా, మెత్తగా ఉండదు. పిండిలో మిరియాలు, జీలకర్ర, శొంఠి, కరివేపాకు, నెయ్యి కలిపి, మందారై ఆకు పరిచిన వెదురు బుట్టలో పోసి ఆవిరికి పెడతారు. పొడుగ్గా దిమ్మె మాదిరి వస్తుంది, కోసి ఇస్తారు. మొదటి ముక్కకు మావాళ్ళు మొహం చిట్లించినారు. సంగటి తిని పెరిగిన నోళ్ళు గదా! రెండో ముక్కకు ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత మగ్గాల వీధికి పోతిమి. ఆడివాళ్ళు మార్కండేయుని వంశమని చెప్పుకుంటారు. మన పద్మశాలీలకూ ఆయనే, దేవాంగులకు దేవల మహర్షి. కాబట్టి చుట్టాల ఇంటికి పోయినట్లే అయింది.

ఆడ చూడాల్సింది కోర్వై. చీర ఒంటి రంగు వేరే, అంచు రంగు వేరే. మూడు నాడెలు ఆడతాయి. మధ్యన ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు. ఒక్కడివల్ల కాదు. పక్కన రెండో మనిషి కూర్చొని ఆ వైపు నాడె అందియ్యాల. రెండు రంగులు ఒకదాన్ని ఒకటి కొరుక్కున్నట్లు అతుక్కుంటాయి. చీర చిరిగినా అంచు ఊడదంటారు. గుడి గోపురం మాదిరి మొనలు ఆ అంచులో చూస్తే, ముందురోజు మెడ వంచి చూసినదే చేతికి దగ్గరగా వచ్చినట్లుంది.

కాంచీపురం పట్టుకు 2005-06లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేనేతకు రకాలను రిజర్వు చేసిన చట్టం 1985లోనే ఉంది. అయినా పవర్‌లూమ్ చీరను చేనేతని అమ్మేవాళ్ళు అమ్ముతూనే ఉన్నారు. అయితే ఆ ఇంటి పెద్దాయన మాకు చెప్పిన బాధ వేరే. పక్కన కూర్చొనే రెండో మనిషి దొరకడం లేదంట. కొడుకు ఒరగడం ఫ్యాక్టరీకి పోతాడు. మన పిల్లలు హోసూరు ఫ్యాక్టరీలకు పోయినట్లే. నెల జీతం వస్తుంది, వాళ్ళను తప్పు పట్టలేము. ఇప్పుడు ఆయనకు రెండో నాడె అందించేది భార్య. ఆయమ్మకు కాళ్ళు వాచినాయి. ఆమె లేస్తే కోర్వై ఆగిపోతుంది.

కూలి మటుకు ఆయన పేరు మీదే పడుతుంది.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో ఆడవాళ్ళు ఇదే మాట పట్టుకున్నారు. మన ఇళ్ళల్లో కండెలు చుట్టేది, అచ్చు అతికేది ఎవరు? సంఘం పుస్తకంలో ఉండేది ఎవరి పేరు? వచ్చే మహాసభలో ఆ రెండో పేరు కూడా ఎక్కించాలని మేము తీర్మానం పెడుతున్నాము. ఆషాఢంలో కంచికి ఇంకో వ్యాను పెడతాము. వచ్చేవాళ్ళు పేర్లు ఇయ్యండి, ఇంటికి రెండు పేర్లు.