చిక్కదనం చూసి పాలకు ధర కట్టరాదు

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత పాల సహకార సంఘాల కార్యదర్శులు, పాల పరీక్షకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ఒక సంఘంలో ఉదయం పాలు తీసుకుంటున్నాను. ఒకామె పాలు గరిటెతో ఎత్తి పోస్తే పలుచగా జారాయి. "నీళ్ళు కలిపావమ్మా" అన్నాను. "లేదు సారూ, బర్రెను ఇప్పుడే పిండి తెచ్చిన" అన్నదామె. ఆమె వెనుక వచ్చినాయన రాత్రి పాలు చల్లని నీళ్ళలో ఉంచి తెచ్చాడు. అవి చిక్కగా కనిపించాయి. తీరా గెర్బర్ పరీక్ష చేస్తే ఆమె పాలలోనే వెన్న శాతం ఎక్కువ! నలుగురిలో అన్న మాటను మాత్రం వెనక్కు తీసుకోలేకపోయాను.

ఎందుకిలా జరిగింది? ద్రవం పారేటప్పుడు దాని పొరల మధ్య కలిగే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు. మన వాడుకలో అదే చిక్కదనం. దీనిని గురించి న్యూటన్ 1687లోనే తన 'ప్రిన్సిపియా' గ్రంథంలో ప్రస్తావించాడు. నీటిని, ఆముదాన్ని మెల్లగా కలిపినా, జోరుగా తిప్పినా వాటి స్నిగ్ధత మారదు. ఇటువంటి వాటిని న్యూటోనియన్ ద్రవాలంటారు. పెరుగు అలా కాదు, కవ్వం పడగానే పలుచబడుతుంది. మామూలు పాలు చాలావరకు మొదటి కోవకే చెందుతాయి. అందుకే డెయిరీలో పాలకు పంపు, గొట్టం ఎంత ఉండాలో లెక్క కట్టడం సులభం. పెరుగుకు ఆ లెక్క చాలదు.

అయితే కలిపే వేగానికి మారని స్నిగ్ధత వేడికి మాత్రం మారుతుంది. ఆవు పాల స్నిగ్ధత 5 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 3 సెంటీపాయిజులు, 20 డిగ్రీల వద్ద 2, 40 డిగ్రీల వద్ద 1కి కొంచెం పైన. గేదె పాలు ఇంకొంచెం చిక్కన. అప్పుడే పిండిన పాలు పలుచగా జారడం సహజమే గాని, కల్తీకి గుర్తు కాదు.

కనుక మూడు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి: లాక్టోమీటరు చూపేది సాంద్రత, చిక్కదనం కాదు. వేడి పాలలో అది తక్కువ చూపుతుంది. ఉష్ణోగ్రత చూసి సవరణ చేయనిదే ఎవరినీ అనుమానించకండి.

రెండు: చిక్కగా ఉన్నంత మాత్రాన మంచి పాలని నమ్మకండి. గంజి, పిండి కలిపినా పాలు చిక్కబడతాయి. కొద్ది పాలు మరగించి, చల్లార్చి, రెండు చుక్కల అయోడిన్ వేయండి. నీలిరంగు వస్తే పిండి ఉన్నట్టే.

మూడు: నిలవ ఉన్న పాలపై మీగడ తేలుతుంది. బాగా కలిపిన తరువాతే నమూనా తీయండి. లేకుంటే ఒకరికి నష్టం, ఒకరికి అక్రమ లాభం.

రెండు బర్రెల పాలతో ఇల్లు గడుపుకునే మనిషికి మన రిజిస్టరులో పడే అంకెే కూలి. ఆ అంకె పరీక్షలోంచి రావాలి, మన కంటిలోంచి కాదు.