గుత్ప నుంచి తుపాకీ దాకా: నల్లగొండ దళాల కథ

(భూదాన్ పోచంపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊరికి వచ్చారు. ఇక్కడి దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. ఈ సంగతి మన బడిపిల్లలకు కూడా తెలుసు. దానికి ముందు అయిదేళ్లు ఈ జిల్లాలో ఏం జరిగిందో మాత్రం మనం తక్కువగా చెప్పుకుంటాం. ఆ అయిదేళ్లు జీతం బత్తెం లేకుండా, ఎవరూ బలవంతం చేయకుండా, తమంతట తాము వచ్చి చేరిన మనుషులు దళాలు కట్టి పోరాడారు. ఆ దళాల బలమంతా ఊరిదేనన్నది నా అభిప్రాయం. అవి గెలిచిన కారణమూ, ఓడిన కారణమూ ఊళ్లోనే వెతకాలి.

1944లో మన పక్కనే భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు ఇక్కడికి దగ్గరి బొల్లేపల్లివాడు, రావి నారాయణరెడ్డి. సభ్యత్వ రుసుము అణాకు తగ్గించడంతో పట్నం చదువరుల సభ కాస్తా పాలేర్ల సభ అయింది. జనం దాన్ని ‘సంఘం’ అన్నారు. వెట్టి చేయం, అప్పు ధాన్యానికి నాగుల మీద నాగులు కట్టం, దొర ధాన్యం గరిసెలో ఉండగా మా గింజలు నిజాం సర్కారు లెవీకి పోనివ్వం అన్నారు. అప్పటికి వాళ్ల చేతుల్లో ఉన్నవి అర్జీలే.

1946 జులై 4న ఆ దశ ముగిసింది. కడవెండిలో సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. గొర్రెల కాపరుల ఇంట పుట్టిన దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే కూలిపోయాడు. ఆ తర్వాత వారాల్లోనే వందల ఊళ్లలో వాలంటీర్ దళాలు పుట్టాయి. మగవాళ్ల చేతిలో గుత్ప, భుజాన వడిసెల, ఒడిలో రాళ్లు. ఆడవాళ్ల దగ్గర రోకలి, కారంపొడి. జనం నోట ‘గుత్పల సంఘం’ అన్న పేరు పడింది.

1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. దళాలకు మొదట దొరికింది భర్మారు తుపాకీ. మందూ గుండూ మూతి నుంచి పోసి, చువ్వతో దట్టించి, అప్పుడు పేల్చాలి. ఒక్క దెబ్బ పేలాక మళ్లీ దట్టించేలోపు ఎదుటివాడి రైఫిల్ పలుమార్లు పేలుతుంది. అందుకే దళం ఎదురెదురుగా నిలబడి పోరాడేది కాదు. రాత్రి పూట, గుట్ట చాటునో వాగు గట్టు చాటునో మాటు వేసేది. దాడిలో చిక్కిన రైఫిలే తర్వాతి దాడికి ఆయుధం. ఊరి కాపలాకు గ్రామ దళాలు, తాలూకాలు దాటి తిరిగేందుకు గెరిల్లా దళాలు ఏర్పడ్డాయి.

కరివిరాల అన్నాచెల్లెళ్లు భీమిరెడ్డి నర్సింహారెడ్డి, మల్లు స్వరాజ్యం ఈ పోరులో దళాలు నడిపారు. స్వరాజ్యం తల మీద సర్కారు 10 వేల రూపాయల వెల కట్టింది. కొలనుపాకకు చెందిన ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి దంపతులు దళంలోనే కాపురం చేశారు. నేతగాళ్ల ఇంట పుట్టిన సుద్దాల హనుమంతు పాటతో ఊళ్లను కదిలించాడు. వీళ్ల పేర్లు మనకు తెలుసు. గటక వండి పెట్టిన చేతులు, చీటీ మోసిన కాళ్లు, ‘మాకు తెల్వదు బాంచెన్’ అని దెబ్బలు తిన్న వీపులు మాత్రం ఎవరివో రాసి లేదు.

దళాలను ఇందరు ఎందుకు మోశారంటే, దళం వచ్చిన ఊళ్లో భూమి పంచారు. దొరకు ఎంత ఉండొచ్చన్న హద్దు మొదట 500 ఎకరాలు, తర్వాత 200, చివరికి 100 ఎకరాల కుష్కి (మెట్ట), 10 ఎకరాల తరి (మాగాణి). కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య లెక్క ప్రకారం 3 వేల ఊళ్లలో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాలు పంచారు. చెక్క దున్నుకున్నవాడికి దళం కాపలా, దళానికి వాడి గుడిసె కాపలా.

ఈ పోరును మతాల కొట్లాటగా చెప్పేవాళ్లు ఒక్క సంగతి గమనించాలి. విసునూరు దొర హిందువు. పిలుపిచ్చిన మఖ్దూం ముస్లిం. నిజాం కొమ్ముకాసిన కాసిం రజ్వీ రజాకార్లను కలంతో ఎదిరించి 1948 ఆగస్టులో ప్రాణమిచ్చిన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్. గడీ ఒక వైపు, గుడిసె ఒక వైపు నిలిచిన యుద్ధమిది. రెండు వైపులా ఉన్నది ఈ నేల మనుషులే.

ఊరే కోటగా నిలిచిన చోటు బైరాన్‌పల్లి. బురుజు మీద కాపలా పెట్టి రజాకార్లను తరిమికొట్టిన ఊరది. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యాన్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. ఆ ఒక్క రోజు వందకు అటూ ఇటూగా జనాన్ని చంపారు.

మూడు వారాల్లోనే, సెప్టెంబరు 13న, భారత సైన్యం వచ్చింది. 18 నాటికి నిజాం సైన్యం లొంగిపోయింది. అసలు చిక్కు అక్కడ మొదలైంది. నిజాం పోయాడు, రజాకార్లు పోయారు, ఇక తుపాకీ దించాలా? దించితే పంచిన భూమి దొరలు లాక్కుంటారని కొందరు, జనం అలసిపోయారని రావి నారాయణరెడ్డి వంటివారు అన్నారు. పోరు కొనసాగింది. దళాలు చిన్నవై నల్లమలకు, గోదావరి అడవులకు తరలాయి. మైదానంలో వాటికి కూడు పెట్టిన ఊళ్ల మీద మిలిటరీ క్యాంపులు పడ్డాయి. ఇన్‌ఫార్మర్లన్న అనుమానంతో దళాల చేతిలో చచ్చినవాళ్లూ ఉన్నారు, అదీ చెప్పుకోవాలి. పోరాటం మొత్తంలో 4 వేల మంది చనిపోయారని సుందరయ్య రాశారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు.

ఊళ్లు నిజాంతో పోరాడినంత కసిగా ఢిల్లీ సైన్యంతో పోరాడటానికి సిద్ధంగా లేవు. నాయకత్వం ఆ మాట ఆలస్యంగా విన్నది. అలాగని ఊరు వాళ్లను మరిచిపోలేదు. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

ఇక పోచంపల్లి. వినోబా ఈ ఊరికి రావడానికి ముందు హైదరాబాద్ జైల్లో కమ్యూనిస్టు ఖైదీలను కలిశారు. ఇక్కడ మొదలైన యాత్రలో 51 రోజుల్లో 12 వేల ఎకరాలకు పైగా దానం వచ్చింది. దాతల మంచితనాన్ని నేను కాదనను. కానీ జాగీర్లు రద్దు చేసిన 1949 చట్టమైనా, 1950 కౌలుదారీ చట్టమైనా, ఆ 100 ఎకరాలైనా, దళాలు తిరగకపోతే అంత త్వరగా వచ్చేవి కావు. భూదానం ఈ ఊరి గౌరవం. దాని వెనకున్న త్యాగం ఈ జిల్లా అంతటిదీ.

చివరగా ఒక విన్నపం. ఆనాటి పిల్లలు ఇవాళ ఎనభై, తొంభై దాటిన ముసలివాళ్లు. మీ ఇంట్లో అటువంటివారు ఉంటే రేపే పక్కన కూర్చోండి. ఏ దళానికి అన్నం పెట్టారో, ఎవరిని దాచారో, ఎవరి చేతిలో దెబ్బలు తిన్నారో అడిగి, పేరూ ఊరూ వేసి రాసిపెట్టండి. నాయకుల చరిత్ర వాళ్లు రాసుకున్నారు. ఊరి చరిత్ర రాయాల్సింది మనమే.