మొటిమల మొగమునకు నలుగు తగునా?

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున గావింపబడిన ప్రసంగము)



విద్యానిధి, వసతిగృహము, వివాహవ్యయము మున్నగు విషయములపై పెద్దలు ప్రసంగించిన పిమ్మట మేము మొటిమలను గూర్చి మాటాడ నిలుచుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కాని యీ సభలోని పదునాఱేండ్ల బాలబాలికల నడిగినచో వారికిది చిన్న విషయము కాదని తెలియగలదు. పాఠము వచ్చియుండియు, నిలుచుండి చెప్పుటకు వెనుదీసి, అఱచేతితో చెక్కిలి కప్పుకొని కూర్చుండు పిల్లలను మేము ఉపాధ్యాయులముగా నున్నన్నాళ్లును చూచుచునే యుంటిమి. ఇంటిలో పెండ్లిచూపుల మాట రాగానే అట్టి మొగముపై సున్నిపిండి, పంచదార, నిమ్మరసము, బజారులో దొరకు గరుకు పూతలు, అన్నియు ప్రయోగింపబడును. తోమినకొలది మొటిమలు హెచ్చును; హెచ్చినకొలది మఱింత తోముదురు. ఈ యలవాటు మానవలెనని చెప్పుటకే మేము నిలిచితిమి.

మొటిమ మురికివలన పుట్టునది కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానమున క్షుద్రరోగములలో ముఖదూషిక యను పేర నిది చెప్పబడినది. యువజనుల మొగమున బూరుగుముండ్లవలె లేచు పొక్కులని ఆచార్యుని వర్ణనము. దానికి కఫమును, వాతమును, రక్తమును కారణములుగా చెప్పెనే కాని మాలిన్యమును చెప్పలేదు. నవీన శాస్త్రజ్ఞులు చెప్పునది యిది: యౌవనమున ఆండ్రోజనులను హార్మోనులు ప్రబలి చర్మమందలి తైలగ్రంథులను ప్రేరేపించును. ఆ జిడ్డు రోమకూపము గుండ వెలికి రావలెను. కూపపు గోడనుండి రాలిన మృతకణములు జిడ్డుతో గలిసి ద్వారమున బిరడావలె బిగియును. లోపల క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అను సూక్ష్మజీవి వృద్ధి పొందును. వాపును, ఎఱ్ఱదనమును, చీమును గలుగును. ముక్కుపై గనబడు నల్లచుక్కలును మురికి కావు. బిరడాలోని మెలనిన్ అను వర్ణద్రవ్యమును, గాలి సోకి మాఱిన కొవ్వును ఆ నలుపునకు కారణములు.

కావున తొలగింపవలసినది కూపములోని బిరడా. పైపై రుద్దుడు దానిని చేరజాలదు. అది చర్మమునకు కవచమైన పైపొరను చెఱచును. లోపలి పొక్కును చిదిమి వాపును ప్రక్కలకు వ్యాపింపజేయును. మనవంటి చామనచాయ చర్మమునందు అట్టి ప్రతి గాయమును నెలల తరబడి మానని నల్లమచ్చను విడుచును. బీరపీచు, కుంచె, అక్రోటు పెంకుల పొడి కలిపిన పూత, వీనిలో నేదియు మొటిమల మొగమునకు తగదు.

ఇట్లనినందున మేము నలుగును నిందించుచున్నామని తలంపవలదు. పండుగనాడు నూనె యంటి, పెసరపిండితో నొడలు నలుచుట మంచి యాచారమే. ప్రాచీనులు ఈ క్రియయందును భేదములు పాటించిరి. పొడి చూర్ణముతో రుద్దుట ఉద్ఘర్షణమనియు, నూనె గలిసిన ముద్దతో మర్దించుట ఉత్సాదనమనియు వ్యాఖ్యాతలు వివరించిరి. ముఖదూషికకు మాత్రము సుశ్రుతుడు వమనమును, వస, లొద్దుగ మొదలగువాని లేపమును విధించెను. పూయుమనెనే కాని రుద్దుమనలేదు. ఆ చికిత్సనే నేడు చేయుడని మా భావము కాదు. ఒడలికి తగిన క్రియ రోగము గల మొగమునకు తగదను వివేకము పూర్వులకును గలదని చెప్పుటయే మా యుద్దేశము.

మృతకణములను తొలగించుటకు ఘర్షణము గాక ద్రావణ మను వేఱొక మార్గము గలదు. కణములను పట్టియుంచు బంధములను మృదువైన ఆమ్లములు సడలించును. సాలిసిలిక్ ఆమ్లము కొవ్వునందు కరగునది గనుక జిడ్డుతో నిండిన కూపములోనికి పోగలదు, 0.5 మొదలు 2 శాతము వఱకు గల ద్రవములు దొరకును. జిడ్డుచర్మమునకును, నల్లచుక్కలకును ఇది తగినది. గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లములు నీట కరగునవి. ఇవి ముఖ్యముగా పైపొరపై పనిచేయును. సులభముగా మండు చర్మము గలవారికి లాక్టిక్ ఆమ్లము కొంత సౌమ్యము. లాక్టిక్ ఆమ్లము పెరుగునందున్నదని పుల్లని పెరుగును, ఆమ్లమే కదాయని నిమ్మరసమును పూయరాదు. వాని తీవ్రత మన యదుపులో నుండదు.

మొదట వారమున కొకటి రెండు రాత్రులు మాత్రమే పూసి చూడవలెను. మంట నిలిచినచో మానవలెను. దినమునకు రెండుమారులు మృదువైన సబ్బుద్రవముతో వ్రేళ్లతోనే కడుగుకొని, జిడ్డు లేని తేమపూతను, పగటివేళ 30 గాని అంతకు మించి గాని ఎస్‌పీఎఫ్ గల ఎండపూతను వాడవలెను. సూక్ష్మజీవిని అణచుటకు 2.5 శాతము బెంజాయిల్ పెరాక్సైడు చాలును. అది బట్టలకు తగిలిన రంగు పోవును. బిరడా కట్టకుండ చేయు అడాపలీన్ వైద్యుని సలహాపై రాత్రివేళ సెనగగింజంత తీసికొని మొగమంతయు పూయవలెను. గర్భిణులు దానిని వాడరాదు. అన్నింటిని ఒక్కమాఱే మొదలుపెట్టరాదు. ఫలము కనబడుటకు 8 మొదలు 12 వారములు పట్టును.

ఒక హెచ్చరిక. త్వరగా నునుపును తెలుపును గలుగునని స్టెరాయిడ్ కలిసిన పూతలను పలువురు కొని పూయుచున్నారు. వారము దినములు మొగము కళకళలాడును. పిమ్మట చర్మము పలుచబడి, ఎఱ్ఱబడి, క్రొత్త మొటిమలు పుట్టును. మానిన మంట హెచ్చును. 2018లో భారత ప్రభుత్వము 14 స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల పట్టికలో చేర్చినది. కొనువారును ఆ నియమమును పాటింపవలెను. ఇప్పటికే చిరకాలము పూసినవారు తమంతట మానక వైద్యునితో చెప్పి మానవలెను.

లోతైన గడ్డలు లేచి నొప్పి పుట్టినను, గుంటలు పడుచున్నను, ఆడుపిల్లలకు ఋతుక్రమము తప్పి గడ్డమున వెండ్రుకలు మొలచుచున్నను ఇంటిచిట్కాలతో కాలము గడపక చర్మవైద్యుని చూడవలెను. గుంటలు పడిన పిమ్మట పూడ్చుట కష్టము.

తల్లులారా, పెండ్లి నిశ్చయమైన పిల్లకు మొటిమలున్నచో మూడు నెలల ముందే వైద్యమారంభింపుడు. ముహూర్తమునకు నాలుగు దినములున్నదనగా క్రొత్త పూత యేదియు ప్రయోగింపవలదు. నలుగుపెట్టు వేడుకను చేతులకును కాళ్లకును జరుపుడు. ఆ మొగమును మాత్రము రుద్దక విడువుడు. పెద్దలారా, పదిమందిలో పిల్లల మొగము చూపి పరిహసింపవలదు. దుర్గుణమువలన గాని, శుచి లేమివలన గాని మొటిమలు వచ్చినవని నిందింపవలదు. మన సంఘమువారు విద్యార్థి వసతిగృహమునకు ఏడాది కొకమారైనను చర్మవైద్యుని పిలిపించి, పిల్లలు సిగ్గుపడక ప్రశ్నించుటకు వీలు కల్పింతురుగాక యని వేడుచున్నాము.