ధాన్యము నిలువకు గిడ్డంగి మేలా, సైలో మేలా?

(రైతుల సభయందు చేసిన ఉపన్యాసము)



వ్యవసాయశాఖవారు ఈ సభలో నన్ను మాటలాడుమని కోరినపుడు కొంత జంకితిని. నేను నాగలి పట్టినవాడను గాను. రెవెన్యూ కచ్చేరిలో కాగితములు తర్జుమా చేయుట నా వృత్తి. అయినను ధాన్యపు నిలువను గూర్చిన కాగితములు అనేకము నా చేతిమీదుగా పోయినవి గనుక, వానివలన తెలిసికొన్నదియు, మా యింట అనుభవించినదియు మీకు విన్నవించెదను.

సైలో అను మాటను తొలుత తెనుగు చేయవలసి వచ్చినపుడు ఉక్కు గాదె అని వ్రాసితిని. పిదప నిఘంటువు తిరుగవేయగా, అది స్పానిషు భాషనుండి వచ్చిన మాట యనియు, దాని మొదటి యర్థము ధాన్యము దాచు గొయ్యి యనియు తెలిసినది. అనగా మన పాతరయే! నల్లరేగడి సీమలలో మన పెద్దలు గోతిలో గడ్డి పరచి, జొన్నలు పోసి, మీద మట్టి కప్పి యుంచుచుండిరి. లోపలి ప్రాణవాయువును గింజయు పురుగును పీల్చివేయగా, కొంత కాలమునకు పురుగు ఊపిరాడక చచ్చును. పాతర తెరచిన వెంటనే మనిషి దిగరాదని వారు కట్టడి చేసినది ఇందుచేతనే. ఆ జొన్నకు ఒక విధమైన ముక్క వాసన పట్టెడిది. విత్తనమునకు పనికివచ్చెడిది కాదు. అయినను తిండికి ఏండ్ల తరబడి ఆదుకొన్నది.

ఇప్పుడు మీలో పలువురు అడుగునది వేరు. చేతిలో కొంత సొమ్మున్నది. కోతలు కాగానే వచ్చిన ధరకు తెగనమ్ముట యిష్టము లేదు. రేకుల గిడ్డంగి కట్టుదమా, గుండ్రని ఉక్కు సైలో నిలుపుదమా అని.

సైలో యొక్క గొప్ప యేమనగా, కొద్ది చోటులో ఎక్కువ గింజ పట్టును. పది అడుగుల అడ్డుకొలతయు, పండ్రెండడుగుల ఎత్తును గలదానిలో సుమారు 150 క్వింటాళ్ల వడ్లు పట్టును. ఎకరమునకు 25 క్వింటాళ్ల చొప్పున అది ఆరెకరముల పంట. గోనె సంచుల ఖర్చు లేదు. ఎలుక ఉక్కును కొరుకజాలదు. హమాలీల పని తగ్గును. ఇంతవరకు నిజమే. కాని దానిలో పోసిన గింజ తడిగా నున్నచో అది గాదె గాదు, ఆవము.

యంత్రముతో కోసిన వడ్లలో నూటికి ఇరువది పాళ్లో అంతకు మించియో తేమ యుండుట సామాన్యము. కొనుగోలు కేంద్రములలో 17 శాతము వరకు ఒప్పుకొందురు గనుక, 17 చాలునని మన రైతులు తలంతురు. అది కొనుటకు పెట్టిన హద్దేగాని నిలువకు హద్దు కాదు. కొన్ని నెలలు ఉంచవలసిన వడ్లు 14 శాతమునకు దిగవలెను. మరుసటి యేటి విత్తనమైనచో 12, 13 నడుమ నుండవలెను. పప్పు గింజలు పదికి దిగుట మేలు. 20 శాతము తేమగల నూరు క్వింటాళ్లు 13కు ఆరినచో 92 క్వింటాళ్లే తూగును. ఎనిమిది క్వింటాళ్లు పోయినవని మనసు చివుక్కుమనును గాని, పోయినది నీరే. ఆ నీటిని లోపలనే యుంచినచో గింజ వేడెక్కి, బూజుపట్టి, ముద్దగట్టును.

ఆరిన గింజకును సైలోలో ఒక చిక్కు గలదు. పగలు ఉక్కు కాగును, రాత్రి చల్లబడును. లోపలి వెచ్చని గాలి నడుమనుండి పైకి లేచి, చల్లని కప్పునకు తగిలి, చెమ్మయై తిరిగి గింజమీదనే రాలును. పైపొర మొలకెత్తుట ఇందువలననే. దీనిని వారించుటకు అడుగునుండి గాలి పంపు పంకాయు, దానికి నమ్మదగిన కరెంటును వలయును. ఈ ఖర్చును కలుపక సైలో వెలను మాత్రమే చూచుట, ఎద్దు వెల చూచి మేత మరచుట వంటిది.

ఇక గిడ్డంగి మాట. మా అన్నగారు సంచులకొరకని ఒక గిడ్డంగి కట్టించిరి. ఒక యేడు మొక్కజొన్న విరివిగా పండినది, గోనెలు దొరకలేదు. గింజను విడిగానే గోడకానించి ఆరడుగుల ఎత్తున పోయించిరి. పదియవ నాటి రాత్రి వెనుక గోడ బయటికి పడిపోయినది. వెంటనే వాన. మూడవవంతు గింజ నానిపోయినది. ఆ యేటి బాకీ ఆ పంటమీదనే తీరవలసియుండెను. విడి గింజ నీటివలె ప్రక్కకు నెట్టుననియు, సంచుల గిడ్డంగి గోడ దానికి నిలువదనియు హెచ్చరించు కాగితమును అంతకు రెండు నెలల ముందే నేను తర్జుమా చేసియుంటిని. చేసి, దస్త్రములో కట్టి పంపితినిగాని, మా అన్నగారికి చదివి వినిపింపనైతిని. నేడు మీ ముందు నిలుచుటకు అదియు ఒక కారణము.

సైలో గోడ సంగతి మరియొకటి. 1895లో జాన్సెన్ అను జర్మను ఇంజనీరు లెక్కగట్టి చూపినదేమనగా, ఎత్తైన గాదెలో గింజ బరువంతయు అడుగున పడదు. రాపిడివలన కొంత భారమును గోడయే మోయును. కావున ఊరి కమ్మరిచేత పలుచని రేకుతో పెద్ద గాదె చేయించుట అపాయము. ప్రక్క గోడకు రంధ్రము చేసి గింజ తీసినచో ఒకవైపు ఒత్తిడి మారి గోడ వంగును. గింజ జారుచున్నపుడు ఎవ్వరును లోపల దిగరాదు. క్షణములలో మనిషిని మ్రింగును. పిల్లలను దాపునకు రానీయకుడు.

నా యభిప్రాయము దాచక చెప్పెదను. వడ్లు, మొక్కజొన్న, కందులు, మిర్చి అని నాలుగు తీరుల పంట పెట్టు పది పదునైదెకరముల రైతునకు గిడ్డంగియే తగినది. ఏ పంట కా పంట వేరుగా పేర్చవచ్చును. ఖాళీ నాళ్లలో పనిముట్లు పెట్టుకొనవచ్చును. ఎరువుల బస్తాలు మాత్రము ధాన్యముతో చేర్పరాదు. అరుగు మూడడుగుల ఎత్తున కట్టి, దాని అంచును బయటికి సాగదీసినచో ఎలుక ఎక్కలేదు. మెట్లు గోడకు తగులక విడిగా నుండవలెను, లేనిచో అంచు కట్టిన పని వృథా. సంచులను నేలమీద గాక చెక్కలమీద, గోడకు రెండడుగుల ఎడముగా పేర్చుడు. తిండిగింజలకు ఆ గిడ్డంగిలోనే ఒక చిన్న రేకు గాదె చాలును.

ఒకే రకము ధాన్యము వందల క్వింటాళ్లు పండించి, ఆరబెట్టు యంత్రమును గలవారు, లేక పదిమంది కూడి పెట్టుకొనువారు సైలోను తలపవచ్చును. పంటకు మించిన గాదె వద్దు. 1770 నాటి కరవు తరువాత పాట్నాలో 29 మీటర్ల ఎత్తున గోల్‌ఘర్ అను ధాన్యపు గుమ్మటము కట్టించిరి. 1786లో పూర్తియైన ఆ కట్టడము ఎన్నడును నిండలేదని చెప్పుదురు.

కందులకు ఈ రెండును అక్కరలేదు. గాలి చొరని పొరలుగల సంచులలో బాగుగా ఎండిన కందులు పోసి మూతి బిగించినచో పుచ్చు పురుగు ఊపిరాడక చచ్చును. పాతర ధర్మమే సంచిలోనికి వచ్చినది.

అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలను గూర్చి ఒక మాట. పురుగును చంపు ఆ విషవాయువు మనిషిని సైతము చంపును. మనుష్యులు పండుకొను ఇంటిలోగాని, దానికి ఆనుకొనిన కొట్టులోగాని వానిని పెట్టరాదు. అనుమతి పొందిన పనివారిచేతనే చేయింపుడు.

కట్టుటకు సొమ్ము చాలనివారు, 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగిలో ధాన్యముంచి, వారిచ్చు రసీదు మీద బ్యాంకులో అప్పు పొందవచ్చును.

తేమ కొలుచు యంత్రము ఈ బల్లమీదనే యున్నది. పిడికెడు గింజ వెంట తెచ్చినవారు సభ కాగానే వచ్చి చూపించుకొనవచ్చును.