కట్టెల మంచె

(భావనపాడు సముద్రతీరంలో జరిగిన యువజన కలయికలో ఒక గిరిజన హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగం)

 

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. మీలో చాలామంది హాస్టళ్లలో పెరిగినవాళ్లే. "బాగా చదువుకోండి" అని మేము చెప్పడం, మీరు తల ఊపడం ఇద్దరికీ అలవాటే. ఈ రోజు ఆ మాట పక్కన పెడతాను. కట్టెలు కోసుకునే మంచె ఎలా చేసుకోవాలో చెబుతాను. నవ్వకండి. చివరికి ఇది చదువు దగ్గరికే వస్తుంది.

మంచె మనకు కొత్త కాదు. పోడులో జొన్న కంకి వేసినప్పుడు పిట్టల్ని, పందుల్ని తోలడానికి నాలుగు గుంజలు పాతి కట్టుకుంటాం. పంట కోసం మంచె కట్టే మనం, ఇంటి ముందు కట్టెలు కోసేటప్పుడు మాత్రం దుంగను నేల మీదే పడేస్తాం. దొర్లిపోకుండా దాని మీద ఒక కాలు వేస్తాం. నడుం వంచి, ఆ కాలి పక్కనే రంపం లాగుతాం.

మా అయ్య అలాగే కోసేవాడు. మాది మందస కొండల్లో ఒక సవర గూడెం. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు, వానాకాలం ముందు ఒకరోజు దుంగ దొర్లింది. రంపం ఎగిరి అయ్య పాదం మీద పడింది. గాయం మానడానికి ఆ వానాకాలమంతా పట్టింది. ఆ ఏడు పోడు పని ఎవరు చెయ్యాలి? మా అన్న పదో తరగతిలో ఉన్నాడు. పుస్తకాలు అటక మీద పెట్టి కొండెక్కాడు. మళ్లీ బడికి వెళ్లలేదు. నేను హాస్టల్‌లోనే ఉండిపోయి చదువుకున్నాను, టీచర్ ట్రైనింగ్ చేశాను, వార్డెన్‌నయ్యాను. మా ఇంట్లో ఇద్దరికి రావలసిన చదువు ఒక్కరికే వచ్చింది.

చాలా ఏళ్లపాటు దాన్ని తలరాత అనుకున్నాను. అది తలరాత కాదని తెలిసింది ఈ భావనపాడులోనే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో మీలో చాలామంది కళ్లారా చూశారు. తీరం పొడవునా సరుగుడు చెట్లూ పడ్డాయి. పడిన చెట్లు కోసే కూలికి మా అన్న కొంతమందితో కలిసి ఈ వైపు వచ్చాడు. దీపావళి దాటాక ఒక ఆదివారం అతన్ని చూడటానికి వచ్చాను.

ఇక్కడి వాళ్లు రెండు జతల సరుగుడు కర్రల్ని ఇంటూ మార్కులా కట్టి, వాటి పై కొమ్ముల మధ్య దుంగను పడుకోబెట్టి కోస్తున్నారు. దుంగ కదలడం లేదు. ఎవరి కాలూ రంపం దగ్గర లేదు. ఎవరి నడుమూ వంగలేదు. మా అన్న నాకు నీళ్లిచ్చి, దాన్ని చూపించి, మన భాషలోనే అన్నాడు: "అయ్యకి అప్పుడిది ఉండుంటే..." అంతే. మిగిలిన మాట అనలేదు. అనక్కర్లేదు కూడా.

అందుకే ఇది చెప్పడానికి వచ్చాను. గ్యాస్ వచ్చింది కదా మేడమ్, ఇంకా కట్టెలేమిటి అంటారు కొందరు. ఉజ్వల పథకం 2016లో వచ్చింది, నిజమే. కానీ సిలిండర్ ఉన్న ఇంట్లో కూడా నీళ్లు కాగేది, జావ ఉడికేది కట్టెల పొయ్యి మీదే. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు. పొయ్యి ఉన్నన్నాళ్లూ దాని వెనక ఎవరిదో ఒకరి నడుం ఉంటుంది. ఎక్కువగా అది అమ్మదే.

ఇప్పుడు పని. కాళ్లకు మూడు అంగుళాల లావున్న తిన్నని కర్రలు నాలుగు కావాలి. సరుగుడైనా, నీలగిరైనా సరే. ఒక్కోటి 42 అంగుళాలు, అంటే మూడున్నర అడుగులు. కింది నుంచి 28 అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి. కింద రెండు వంతులు, పైన ఒక వంతు. ఆ గుర్తు దగ్గర రెండేసి కర్రల్ని అడ్డంగా కలపాలి. కలిసే చోట ఒక్కో కర్రలో ముప్పావు అంగుళం గాడి తీస్తే జారవు. తర్వాత బెజ్జం వేసి 6 అంగుళాల బోల్టు బిగించండి. బోల్టు లేకపోతే మంచె కట్టినట్టే తాడుతో గట్టిగా బిగించి కట్టండి.

కాళ్లు ఎంత ఎడంగా ఉండాలి? ఇక్కడ మీ లెక్కల పుస్తకం గుర్తు తెచ్చుకోండి. కింద పాదాల మధ్య ఎడం కూడా 28 అంగుళాలే పెట్టండి. మూడు భుజాలూ సమానం. సమబాహు త్రిభుజం. ప్రతి కోణం 60 డిగ్రీలు. కోణమానిని అక్కర్లేదు, 28 అంగుళాల తాడు ముక్క ఒకటి చాలు. అప్పుడు కర్రలు కలిసే చోటు నేల నుంచి సుమారు 24 అంగుళాల ఎత్తులో వస్తుంది. ఆరంగుళాల లావు దుంగ ఆ కొమ్ముల్లో కూర్చుంటే దాని అడుగు సుమారు 30 అంగుళాల దగ్గర ఉంటుంది. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదలండి. దుంగ ఇంచుమించు మీ మణికట్టు ఎత్తులో ఉంటే చాలు. 5 అడుగుల మనిషికి ఈ కొలత సరిపోతుంది. పొడుగువాళ్లయితే కర్రల్ని అదే వంతున పెంచుకోండి. కొలత తీసుకునేటప్పుడు మీ ఎత్తు కాదు, ఇంట్లో ఎవరు కోస్తారో వాళ్ల ఎత్తు చూడండి.

రెండు ఇంటూ మార్కులు తయారయ్యాక వాటిని 20 అంగుళాల ఎడంతో నిలబెట్టండి. ప్రతి జత కాళ్లు విచ్చుకుపోకుండా, నేలకు జానెడు ఎత్తులో ఒక్కో అడ్డకర్ర. రెండు జతల్నీ కలుపుతూ కింద అటొకటి ఇటొకటి పొడుగు కర్రలు, కలిసే చోటుకి కొంచెం కింద ఇంకొకటి. పక్కకు ఊగకుండా ఒక ఐమూల కర్ర. ఎండిన సరుగుడు మేకు దిగితే చీలుతుంది. ముందు సన్నని బెజ్జం వేసి తర్వాత మేకు కొట్టండి. కర్రలు కలిసే చోటుకి పైన మేకులు వద్దు, రంపం పళ్లు పోతాయి.

కోయడంలో ఒక్క కిటుకు ఉంది. రెండు ఇంటూ మార్కుల మధ్య ఎప్పుడూ కోయకండి. అక్కడ కోస్తే దుంగ మధ్యలో కుంగుతుంది, కోత పైన మూసుకుపోతుంది, రంపం ఇరుక్కుంటుంది. కొమ్ములు దాటి బయటికి వచ్చిన భాగాన్ని, కాలికి నాలుగు వేళ్లు అవతల కోయండి. ఆ కొస తన బరువుకి తనే కిందికి వంగుతుంది, కోత విచ్చుకుంటుంది, రంపం హాయిగా నడుస్తుంది. బయట ఉన్న భాగం మాత్రం ఎప్పుడూ దుంగలో సగం కన్నా తక్కువే ఉండాలి. లేదంటే దుంగ తిరగబడుతుంది.

ఇంకో జాగ్రత్త. ఈ మంచె రంపానికే, గొడ్డలికి కాదు. ముక్కలు చీల్చడానికి మోకాలి కన్నా ఎత్తు లేని వెడల్పాటి మొద్దు వేరే పెట్టుకోండి. ముక్కను మొద్దుకు అవతలి అంచు వైపు నిలబెట్టి, కాళ్లు ఎడంగా పెట్టి కొట్టండి. గురి తప్పినా గొడ్డలి మొద్దు మీదే పడాలి, మీ కాలి మీద కాదు. చుట్టుపక్కల పిల్లలు ఉంటే పని ఆపేయండి.

కట్టె గురించి కూడా ఒక మాట. పచ్చి చెట్టు నరకొద్దు. అటవీ హక్కుల చట్టం, 2006లో చిన్న తరహా అటవీ ఫలసాయం అంటే ఏమిటో రాసిన చోట చిన్నపాటి పొదకట్టె, చెట్ల మోళ్లు కూడా ఉన్నాయి. చదివి తెలుసుకోండి, అది మన చట్టం. తెచ్చిన కట్టెను వానలకు ముందే మూరెడు ముక్కలుగా కోసి ఆరబెట్టండి. కట్టెలో తడి ఎక్కువగా కోసిన కొసల నుంచే బయటికి పోతుంది. అందుకే పొడుగు దుంగ కన్నా పొట్టి ముక్క తొందరగా ఆరుతుంది. ఆరిన కట్టె పొగ తక్కువ పెడుతుంది. అమ్మ దగ్గు కొంత తగ్గుతుంది.

ఆ దీపావళి తర్వాత మా అన్నా నేనూ కలిసి మా ఇంటి ముందు ఒకటి కట్టాం. మధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దు గూకేలోపు అయిపోయింది. అయ్య గుమ్మంలో కూర్చుని చూశాడు. అయిపోయాక లేచి వచ్చి, చేత్తో ఒకసారి ఊపి చూశాడు. ఊగలేదు. "గట్టిగానే ఉంది" అన్నాడు. ఆ మర్నాడు కట్టెలు కోసింది మా వదిన. నిలబడే కోసింది.

పది కర్రలు, రెండు బోల్టులు, ఒక పూట. అది లేక మా అన్న చదువు పోయింది. మీరు రాసుకున్న త్రిభుజాలు, కోణాలు పరీక్ష కాగితం మీద ఆగిపోతే ఎవరికి లాభం? వచ్చే సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు బ్యాగు దించి, అమ్మ మణికట్టు నేలకి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. ఎందుకని అడుగుతుంది. చెప్పకండి, కట్టి చూపించండి.