గోడమీది కలంకారీ

ఇల్లు అందగించుటకు వస్తువులు పెక్కు అక్కఱలేదు. చేతిపనితనము గలది ఒక్కటి చాలును.

శ్రీకాళహస్తి కలంకారీనే తలచుకొనుడు. నూలువస్త్రమును కరక్కాయ కలిపిన పాలలో నానవైచి, ఎండబెట్టి, వెదురుపుల్లకు ఉన్ని చుట్టి చేసికొన్న కలముతో, బెల్లపునీట ఇనుపముక్కలను పులియబెట్టి తీసిన నల్లరంగున చిత్రకారుడు రేఖలు దిద్దుచుండగా, పురాణకథ గడిగడిగా ఆ వస్త్రముపై అవతరించుచుండును. ఎఱుపునకు పటిక తోడ్పడును. పసుపు, నీలము పిదప వచ్చును. ఎంతటి ఓర్పు! ఆ ఓర్పునకు నేనెప్పుడును చేతులు జోడింతును.

ఇట్టి వస్త్రమును పెట్టెలో దాచరాదు. పటములతో క్రిక్కిఱిసిన గోడపై వ్రేలాడదీయరాదు. దానికొక ఖాళీగోడను ఇండు. క్రింద బల్లపై రెండు ఏటికొప్పాక లక్కబొమ్మలుంచిన మఱి చాలును. అంకుడుకఱ్ఱపై మెఱయు ఆ లక్కకును ఈ సహజవర్ణములకును చక్కని పొత్తు.

మరల చెప్పుచున్నాను: ఒక గోడకు ఒక్క వస్త్రమే. ఎండ నేరుగా తగులు గోడ మాత్రము వలదు, రంగులు వెలిసిపోవును. ధూళిని మెల్లగా దులుపుడు. తడుపవలసివచ్చినచో చన్నీట ముంచి, నీడపట్టున ఆరవేయుడు.